ప్రొఫెసర్ ఆదిలక్ష్మి గారి డౌట్లు

ప్రొఫెసర్ ఆదిలక్ష్మి గారికి ప్రతి మీటింగు చివర్లో ఒక డౌటు వచ్చేది. మొదట్లో రాదు, మధ్యలో రాదు. వచ్చిన వక్త చెప్పవలసిందంతా చెప్పి, నీళ్లు తాగి, "ఎనీ క్వశ్చన్స్?" అని మర్యాదకి ఒక మాట అనేసి లాప్‌టాప్ మూయబోతుంటే, సరిగ్గా అప్పుడు మూడో వరసలోంచి ఒక సన్నటి చెయ్యి పైకి లేచేది.

"చిన్న డౌటు సార్."

హాల్లో ఉన్న నూట ఇరవై మందీ ఒక్కసారిగా నిట్టూర్చేవాళ్లు. అందరిలోకీ పెద్ద నిట్టూర్పు నాది. ఎందుకంటే ఆ కార్యక్రమాలన్నీ నావే.

నేను ఒంగోలు నుంచి చెన్నై వచ్చి ఆరేళ్లయింది. ఇక్కడొక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో కామర్స్ పాఠాలు చెబుతాను. అది చాలదన్నట్టు, అందరూ వద్దనుకున్న సిబ్బంది శిక్షణ విభాగాన్ని నా నెత్తిన పెట్టారు. దాని ఆఫీసు జనరేటర్ గది పక్కన, నేలకి అడుగు కింద ఉంటుంది. వాన పడితే ఫైళ్లకంటే ముందు నేను కుర్చీ ఎక్కాలి. నెలకో వర్క్‌షాపు, మూడు నెలలకో అవగాహన దినం, ఏడాదికోసారి సిబ్బంది కుటుంబాల వేడుక జరపాలి. ప్రొఫెసర్ల దగ్గర్నుంచి హాస్టల్ పనివాళ్ల దాకా అందరికీ ఒకే హాలు, ఒకే శిక్షణ, అదీ ఇంగ్లీషులో. ఎవరూ ఇష్టపడి రారు. రాకపోతే ఆబ్సెంట్ పడుతుందని వస్తారు.

ఆ ఏడాది అందరి ముఖాలూ మరీ వాడిపోయి ఉండేవి. ఆఫీసు పనులు బయటి కంపెనీకి ఇచ్చేస్తారని పుకారు. 'కొత్త పద్ధతులు అందుకోలేనివారు' అనే మాట సర్క్యులర్లలో తరచు కనబడుతోంది. అలాంటి రోజుల్లో కూడా ఆదిలక్ష్మి గారి డౌట్లు ఆగలేదు. పైగా పెరిగాయి.

బెంగుళూరు నుంచి ఒక నిపుణుడు వచ్చి పరీక్ష మార్కులు కంప్యూటర్లోకి ఎక్కించే విధానం మీద రెండు గంటలు మాట్లాడాడు. పక్క గదిలో సాంబారు వాసన మొదలైంది. ఈవిడ లేచింది. అడిగింది ఇంగ్లీషులోనే, నా చెవిలో మాత్రం ఆవిడ తెలుగులోనే ఉండిపోయింది.

"సార్, మీరు పొద్దున్నుంచి అప్‌లోడ్ అప్‌లోడ్ అంటా ఉండారు. అది పైకి పోయినాక యాడ ఉంటాది?"

అంత పెద్ద గణిత ప్రొఫెసర్ అడిగిందంటే ఇందులో ఏదో లోతు ఉందనుకున్నాడు పాపం. సర్వర్లు, సముద్రం అడుగున కేబుళ్లు, సమాచారం అనేదానికి అసలు ఉనికి ఉందా లేదా అన్నదాకా వెళ్లిపోయాడు. ఆవిడ ఓపిగ్గా విని, "అది సరే సార్. తప్పు పోయినాది అనుకోండి, మళ్లీ కిందికి దించేదానికి ఏ బటన్ నొక్కాల?" అంది. భోజనాలు రెండున్నరకి.

అగ్నిమాపక దినం నాడు మంటలార్పే సిలిండర్ పిన్ను ఎలా తీయాలో చూపించారు. "ఇంకోసారి, మెల్లిగా" అంది ఆవిడ. చూపించారు. "ఇప్పుడు ఎడమ చేతివాటం మనిషైతే?" అంది. మూడోసారి చూపించేటప్పుడు అందులోని తెల్లపొడి నేరుగా వెళ్లి మా రిజిస్ట్రార్ వెంకటాచలపతి గారి మీద పడింది. ఆయన ఆ రోజంతా పిండి జల్లెడ పట్టిన మనిషిలా తిరిగారు.

మానసిక ఒత్తిడి తగ్గించుకునే శిక్షణలో ఇంకా ఘోరం. "కళ్లు మూసుకోండి. మనసులోని ఆలోచనలన్నీ వదిలేయండి" అన్నాడు గురువు. హాలంతా నిశ్శబ్దం. కొందరు అప్పటికే నిద్రలో ఉన్నారు. చివర్లో ఆయన, "ఎలా ఉంది?" అనగానే ఈవిడ లేచి, "బాగుండాది సార్. హాజరు మిషన్‌లో వేలిముద్ర పడకపోతే ఆ దినం ఆబ్సెంటేనా?" అని రిజిస్ట్రార్ వైపు తిరిగి అడిగింది.

ముప్పై ఏళ్లు చాక్‌పీసు పట్టి ఆవిడ వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయని స్టాఫ్ రూములో నవ్వుకున్నారు.

కుటుంబాల వేడుకలో మ్యూజికల్ చైర్స్ పెట్టాను. అక్కడా వదల్లేదు. "అప్పా అనిరుధ్, కుర్చీ దొరకని మనిషి యాడికి పోవాల?" అంది.

"అవుట్ అయిపోయారు కదా మేడమ్, వెళ్లిపోవడమే."

"సుమ్మా, ఊరికే పోవడమేనా?" అని, కుర్చీల చుట్టూ తిరుగుతున్న వాళ్లని చాలాసేపు చూసింది. నేను మైకు పట్టుకుని మరో పాటకి పరుగెత్తాను.

అంకెల సిద్ధాంతం మీద ఆవిడ రాసిన పుస్తకం విదేశాల్లో కూడా చదువుతారట. ఆవిడ క్లాసులో వెనక బెంచీవాడు కూడా నిద్రపోయేవాడు కాదట. అలాంటి మనిషి అప్‌లోడ్ అంటే ఏమిటని అడుగుతుంటే జనం ఏమనుకుంటారు? వయసు మీద పడిందన్నారు. మతిమరుపు మొదలైందన్నారు. కొంతకాలానికి ఆవిడ లేవగానే ముందు వరసల్లో నవ్వు వినబడేది. ఆవిడ ఆ నవ్వు ఆగేదాకా నిలబడి, అప్పుడు అడిగేది.

ఆగస్టులో రిజిస్ట్రార్ నన్ను పిలిచారు. అరవై దాటిన వాళ్లలో ఎవరికి పొడిగింపు ఇవ్వాలో తేలుస్తున్నారు. శిక్షణల్లో ఒక్కొక్కరూ ఎలా ఉన్నారో రెండేసి వాక్యాలు రాయమన్నారు. ఆదిలక్ష్మి గారి పేరు దగ్గర నేను ఇలా రాశాను: 'ప్రాథమిక విషయాలను కూడా పదేపదే అడుగుతారు. కొత్త పద్ధతులను అందుకోవడం కష్టంగా ఉన్నట్టుంది.'

రాసేటప్పుడు నాకు పెద్దగా బాధ కలగలేదు. ఆలస్యమైన భోజనాలన్నీ గుర్తొచ్చాయి.

ఆవిడకి పొడిగింపు రాలేదు. అక్టోబరు ఆఖరున, హోరుమని వాన కురుస్తుండగా వీడ్కోలు సభ జరిగింది. సగం మందే వచ్చారు. నేను సరదాగా ఉంటుందని మైకులో, "మేడమ్, ఆఖరుగా ఏమైనా డౌట్లు ఉన్నాయా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ లేచి, వెనక వరసల వైపు ఒకసారి చూసింది.

"ఈ దినం ఏమీ లేవప్పా," అని కూర్చుంది.

నవంబరులో సెలవులకి కొత్త యాప్ పెట్టారు. ఇకమీదట కాగితం చెల్లదు, సెలవు ఫోన్లోనే పెట్టాలి. శిక్షణ ఏర్పాటు చేశాను. కంపెనీవాడు గంట మాట్లాడి, "ఎనీ క్వశ్చన్స్?" అన్నాడు. అలవాటుకొద్దీ నేను మూడో వరస వైపు చూశాను. ఎవరూ లేవలేదు. ఇరవై నిమిషాలు ముందే ముగిసింది. నా హయాంలో అన్నం వేడిగా తిన్నది ఆ రోజే. ఎందుకో రుచించలేదు.

రెండు వారాల తర్వాత ఇరవై ఆరుగురికి మెమోలు వచ్చాయి. అనుమతి లేకుండా గైర్హాజరు. మళ్లీ జరిగితే కాంట్రాక్టు రద్దు. అందరూ ల్యాబు అటెండర్లు, హాస్టల్ పనివాళ్లు, తోటవాళ్లు. వాళ్లంతా సెలవు పెట్టినవాళ్లే. యాప్‌లో చివరి బటన్ నొక్కాలని వాళ్లకి తెలియలేదు.

కెమిస్ట్రీ ల్యాబు అటెండరు కన్నియప్పన్ మెమో పట్టుకుని నా గదికి వచ్చాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. నేల మీద నిలిచిన నీళ్లలో నిలబడే మాట్లాడాడు.

"శిక్షణలో చెప్పారు కదయ్యా. అర్థం కాకపోతే అడగొచ్చు కదా?" అన్నాను.

"యెట్ట అడిగేది సార్? మేము లేస్తే ఏం భాషలో అడిగేది? ఇంత కూడా తెలీదా అని పేరు రాసుకుంటారు. ముందైతే అమ్మ అడిగేది."

"ఏ అమ్మ?"

"లెక్కల అమ్మ. టీ టయాంలో మా కాడికి వచ్చి కూచునేది సార్. ఎవురికి ఏం తెలీలేదో చెప్పండి అనేది. మేము చెప్పేది, ఆయమ్మ లేచి అడిగేది. వేలిముద్ర సంగతి పొన్నుతాయిది. బాత్‌రూములు కడిగి కడిగి దాని వేళ్లు నున్నగా అయిపోయినాయి, మిషన్ తీసుకోదు. సిలిండరు నేనడిగిందే, నాది ఎడమ చెయ్యి."

నేను కుర్చీ అతని వైపు జరిపాను, అతను కూర్చోలేదు.

"మేము అడిగితే మమ్మల్ని చూసి నవ్వుతారు, నేనడిగితే నన్ను చూసి నవ్వుతారు, నాకేం పోతాది అనేది సార్ ఆయమ్మ," అన్నాడు కన్నియప్పన్.

ఏం పోయిందో నాకు తెలుసు. రాసింది నేనే.

ఆ శనివారం వాషర్‌మెన్‌పేట్ వెళ్లాను. మోకాలి లోతు నీళ్లలో చెప్పులు చేత్తో పట్టుకుని, బట్టల కొట్ల మధ్య సందులో ఆదిలక్ష్మి గారి ఇల్లు వెతుక్కున్నాను. మేడ మీద రెండు గదులు. ఆవిడ తువ్వాలు ఇచ్చి, "ఈడ కూర్చో. ఆడ కారతా ఉండాది," అంది.

మెమోల సంగతి చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది.

"కాటయ్యని ఎరుగుదువా నువ్వు?"

"లేదు మేడమ్."

"నువ్వు రాకముందు. రికార్డు రూములో ఉండేవాడు. మొదటి కంప్యూటర్ శిక్షణ అప్పుడు నా పక్కన కూర్చోని ఉండాడు. ఏదో బటన్ గురించి నన్ను మెల్లిగా అడిగినాడు. నేను వినే తొందరలో, లేచి ఆయన్నే అడగవయ్యా అన్నా. వాడు లేవలేదు. వారం దినాల తర్వాత ఒక సంవత్సరం రికార్డులు పూరా తుడిపేసినాడు, తెలీక. పనిలోనించి తీసేసినారు." ఆవిడ కిటికీలోంచి వాన చూసింది. "నాకు తెలుసప్పా ఆ బటన్ ఏదో. ఒక్క నిమిషం పట్టేది చెప్పేదానికి."

ఇక దాచలేకపోయాను. నేను రాసిన రెండు వాక్యాలూ అప్పజెప్పాను. ఆవిడ పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు విన్నది.

"పదేపదే అడుగుతారు అనింది కరెక్టే. దాన్నించి నువ్వు తేల్చిందే తప్పు," అంది. "మొదటి వాక్యానికి మార్కులు వేస్తా. రెండోదానికి సున్నా."

"క్షమించండి మేడమ్."

"సరి, పోనీ. ఆ ఇరవై ఆరు మంది సంగతి చూడు ముందు."

సోమవారం రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లి, తప్పు శిక్షణదే కానీ వాళ్లది కాదని చెప్పాను. ఆదిలక్ష్మి గారి గురించి నేను రాసింది తప్పని కూడా చెప్పాను. వెంకటాచలపతి గారు పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నారు.

"ఆవిడ ఫైలు అయిపోయిందప్పా. పైన సంతకాలైనాయి. నేను తిప్పలేను," అన్నారు. "వీళ్లకైతే ఒక నెల టైము ఇస్తా. మళ్లీ నేర్పించు."

"ఆదిలక్ష్మి గారు నేర్పుతారు సార్. బయటి మనిషిగా."

ఆయన తన తెల్ల చొక్కా వైపు ఒకసారి చూసుకున్నారు. "సిలిండర్లు లేని గది ఇవ్వు," అని సంతకం పెట్టారు.

ఆవిడ ఉద్యోగం తిరిగి రాలేదు. గణిత విభాగంలో ఆవిడ గదికి వేరే పేరు అతికించారు. కానీ నెలాఖరుకి ఇరవై ఆరు మెమోలూ రద్దయ్యాయి. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం మొదటి రోజే. క్యాంటీన్ వెనక గదిలో, ఇరవై ఆరుగురూ ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఆవిడ తమిళంలో కొంత, తెలుగులో కొంత, ఒక్కొక్క బటనూ చూపిస్తూ గంటన్నర చెప్పింది. చివర్లో, "డౌట్లు ఉంటే అడగండి. ఈడ నవ్వేవాళ్లు ఎవరూ లేరు," అంది.

అందరూ ఫోన్లలోకి తలలు వంచారు. తర్వాత హాస్టల్లో పనిచేసే పొన్నుతాయి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ లేచింది.

"అమ్మా, నా సెలవు మా సూపర్‌వైజర్ ఒప్పుకోవాల. సరి. ఆయనే సెలవులో ఉంటే ఎవురు ఒప్పుకుంటారు?"

ఆదిలక్ష్మి గారు నోరు తెరిచి, ఆగిపోయారు. ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశారు. మెల్లగా ఆవిడ ముఖం వెలిగింది.

"ఇది నాకు నిజంగానే తెలీదే," అంది, ఎంతో సంతోషంగా. "అనిరుధ్, నీకు తెలుసునా?"

నాకూ తెలియదు. కంపెనీవాడికి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాను. ప్రశ్న విని అతను పక్కన ఎవర్నో అడిగాడు.

"సార్, దీన్ని మేం ఆలోచించలేదు. కనుక్కుని రేపు చెబుతాం."

మిగతా ఇరవై ఐదుగురూ పొన్నుతాయి వైపు చూశారు. పొన్నుతాయి ఇంకా నిలబడే ఉంది, తన వల్ల ఏం పాడైందో తెలియని దానిలా. ఆదిలక్ష్మి గారు వెళ్లి ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"రేపు మేమంతా ఈడే ఉంటామని చెప్పప్పా," అంది నాతో. తర్వాత పొన్నుతాయి వైపు తిరిగి, "ఇంకా ఏమన్నా ఉండాయా?" అని అడిగింది.

"ఉండాయమ్మా," అంది పొన్నుతాయి.