నిమ్మరసంలో పగడం

రాళ్ళ గురించి నా ముందు ఎవరైనా గొప్పలు చెబితే నాకు నవ్వొస్తుంది. కెంపు పెట్టుకుంటే పదవి వస్తుందని, నీలం పెట్టుకుంటే శని హడలిపోతాడని చెప్పేవాళ్ళలో చాలామంది ఆ రాళ్ళను నగల్లో చూసినవాళ్ళే. నేను వాటిని కల్వంలో చూశాను. నూరి, పిండి చేసి, వేళ్ళ మధ్య నలిపి చూశాను. వెనక కంసాలి వేసిన మెరుపు రేకు తీసేస్తే ఎన్ని కెంపులు వెలవెలబోతాయో నాకు తెలుసు.

మా మామగారు వైద్యులు. పాలకొల్లుకు దగ్గర్లో కాలవ గట్టున మా ఇల్లు. ఆనకట్ట వచ్చి కాలవలు తవ్వాక రోగులు పడవల్లో మా వాకిటి దాకా వచ్చేవారు. నేను కాపురానికి వచ్చిన ఏడాదికే ఆయన కల్వం నా చేతికిచ్చారు. నూరడంలో నాకున్నంత ఓపిక తన శిష్యులకు లేదని ఆయనే అన్నారు, నేను కల్పించి చెప్పడం లేదు. ముత్యం ఒంటి వేడికి, పగడం కారే నెత్తురు ఆపడానికి. పన్నీరు పోస్తూ వారం రోజులు నూరితే పగడం గులాబీరంగు పిండి అవుతుంది. నాలుక మీద వేసుకుంటే రవ్వంత గరుకు కూడా తగలకూడదు. తగిలితే మళ్ళీ నూరాల్సిందే.

మామగారికి ఒక నియమం ఉండేది. మందుకు కావలసిన రత్నం రోగి ఇంటినుంచే రావాలి. దాన్ని వాళ్ళ కళ్ళ ముందే పరీక్షించి, వాళ్ళ కళ్ళ ముందే పగలగొట్టాలి. వైద్యుడు మంచి రాయి దాచుకుని నాసిరకం నూరాడన్న మాట ఆయన పడలేరు. పగడానికి పరీక్ష సులువు. నిమ్మరసంలో వేస్తే అసలు పగడం చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి. గాజుపూసైతే బెల్లం కొట్టిన రాయిలా ఊరుకుంటుంది.

ఒక వానాకాలం చివర నరసాపురం దిగువనుంచి ఇద్దరు ఆలుమగలు వచ్చారు. చేపల వేట మీద బతికేవాళ్ళు. అతనికి దగ్గితే నెత్తురు పడుతోంది. మామగారు నాడి చూసి, పగడం ఉంటే గాని లాభం లేదన్నారు.

"ఉందండి బాబుగారూ! మా ఇంటిదాని మెళ్ళో ఉందండి. పెళ్ళైన ఏడు నేనే కొన్నానండి. అసలు సిసలు పగడమండి" అన్నాడతను. దగ్గుతూనే అన్నా, గొంతులో గర్వం తగ్గలేదు.

ఆమె మాత్రం పుస్తెల తాడు గుప్పిట్లో బిగించి పట్టుకుని కదలకుండా కూర్చుంది.

"పుస్తెల పక్కనున్నది ఎలా తీస్తానయ్యా" అని గొణిగింది.

నాకు ఒళ్ళు మండింది. "ఏంటమ్మా, మనిషి కంటే పూస ఎక్కువా?" అనేశాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆమె తాడు ముడి విప్పి పూస నా చేతిలో పెట్టింది. "సరిగ్గా సూడండమ్మగారూ" అంది. మేం మార్చేస్తామని అనుమానిస్తోందనుకున్నాను. కోపం ఇంకాస్త పెరిగింది.

గిన్నెలో నిమ్మరసం పోసి పూస వేశాను. బుడగ లేదు. వేలితో తిప్పాను. అయినా లేదు. తలెత్తితే ఆమె నన్నే చూస్తోంది. ఆ ముఖంలో భయమే గాని ఆశ్చర్యం లేదు. అది గాజని ఆమెకు ముందే తెలుసు.

"పొంగిందాండి?" అని అతను అడిగాడు.

"పసుపు పట్టేసి ఉంది, కడగాలి. నువ్వు కూడా రా అమ్మా" అని ఆమెను పెరట్లోకి తీసుకెళ్ళాను. మామగారు అరుగు మీద వేరే మందు తూస్తున్నారు.

నూతి దగ్గరకు వెళ్ళగానే ఆమె నా కాళ్ళ మీద పడింది. "పోయినేడు గాలివానకి వలలన్నీ కొట్టుకుపోయాయండి. పగడం అమ్మేసి నూలు కొన్నానండి. మా పుట్టింటోళ్ళు ఇచ్చారని సెప్పానండి. ఆ సోట గాజుపూస ఎట్టుకున్నాను. మీరే సెప్పెయ్యండమ్మగారూ. తంతే తన్ననివ్వండి. ఆ గాజు మాత్రం నూరి ఆయనకి పొయ్యకండి."

చెప్పేస్తే ఆమె కాపురం ఏమవుతుందో తెలీదు. పోనీ చెప్పినా, వాళ్ళింట్లో ఇంకో పగడం లేదు. నెత్తురు ఆగదు.

నా పుస్తెలకు అటొకటి ఇటొకటి పగడాలున్నాయి. ఆలోచించలేదంటే అబద్ధం. భర్త క్షేమానికని పెళ్ళిలో గుచ్చినవి అవి. కానీ ఆమె భర్త వాకిట్లో నెత్తురు కక్కుతున్నాడు, నా భర్త పక్కూళ్ళో పెళ్ళి భోజనం చేస్తున్నాడు. ఎవరికి ఎక్కువ అవసరమో తెలియడానికి శాస్త్రాలు చదవక్కర్లేదు. ఒకటి ఊడదీశాను.

తిరిగి వచ్చి అందరి ముందూ గిన్నెలో వేశాను. బుడగలు లేచాయి. "సూశారాండి! నే సెప్పలే?" అని అతను చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. నేను పూస పగలగొట్టాను. మామగారు గిన్నె వైపు చూశారు, తరవాత నా మెడ వైపు చూశారు.

మండలం రోజులు మా ఊళ్ళోనే ఉండి మందు తిన్నాడు. నెత్తురు ఆగింది. పగడమే ఆపిందో, మామగారి పథ్యమో, అన్నాళ్ళు నీళ్ళలో దిగకుండా పడుకోవడమో నేను చెప్పలేను. తన కాళ్ళ మీద తనే నడిచి పడవెక్కాడు. ఆమె రహస్యం ఆమెకు భద్రంగానే మిగిలింది. మా ఆయన నా మెడలో ఒక పగడం తగ్గిందని ఏనాడూ గమనించలేదు.

పడవ కదిలాక మామగారు నన్ను పిలిచారు.

"నియమం తప్పావమ్మా."

"తప్పానండి."

"మళ్ళీ ఇలాంటిది వస్తే?"

"మళ్ళీ తప్పుతానండి" అన్నాను.

"అయితే ఇక మీదట ముందు పరీక్ష నువ్వే పెరట్లో చెయ్యి. ఆ ఇంటి ఆడవాళ్ళు తప్ప ఎవరూ ఉండకూడదు. తరవాతే వాకిట్లోకి తీసుకురా" అన్నారాయన. మర్నాడు పాలకొల్లు వెళ్ళి నాలుగు మంచి పగడాలు తెచ్చి, చిన్న భరిణెలో పెట్టి నాకిచ్చారు.

ఆ భరిణె ఎన్నిసార్లు ఖాళీ అయి నిండిందో నాకే గుర్తులేదు. చేపలు పట్టే పల్లెకారుల ఆడవాళ్ళే కాదు, కమతాలున్న ఇళ్ళవాళ్ళు, మాలాంటి వైదికుల ఇళ్ళవాళ్ళు కూడా వచ్చారు. బుడగలు లేవని పూసలు నేననుకున్న దానికంటే చాలా ఎక్కువ. నూతి దగ్గర నేను గొంతు తగ్గించి అడిగేదాన్ని, అసలుది ఎక్కడికి పోయిందమ్మా అని. విత్తనాలకని ఒకామె, తన మామగారి కర్మకాండకని ఒకామె, ఆడపడుచు పురిటికని ఇంకొకామె చెప్పారు. తనకోసం అమ్ముకున్న మనిషి ఒక్కతి కూడా నాకు కనబడలేదు.