చీరపీలిక కట్టిన వైపరు పైపు

మా మామగారు పోయిన వారం కన్నుమూశారు. కబురు విన్న తోటపల్లి గూడూరు జనం "అయ్యో" అన్నాక, వెంటనే "మరి లారీ?" అని అడిగారు. నాకు కోపం రాలేదు. ఆయన పెద్ద కోడలిని నేను, నాకూ ముందు అదే గుర్తొచ్చింది.

ఒకప్పుడు ఆయన ఉప్పు తోలిన పాత పెట్రోలు లారీ అది. అత్తయ్య కాపురానికొచ్చింది కూడా అందులోనే. తుప్పుపట్టి పాకలో పడివున్న దాన్ని, పని మానుకున్నాక మామగారు విప్పి ఇంజనంతా కొత్తగా కట్టారు. ఆ రోజుల్లో వంటింట్లో గరిటె కనపడకపోతే నేను నేరుగా పాకకే వెళ్లేదాన్ని. అలా వెళ్లినప్పుడే నాకు బండి నడపడం నేర్పారు. నన్ను అంతగా నమ్మిన మనిషి మరొకరు లేరు.

ఇంజను కట్టినా బండికి సత్తువ రాలేదు. ఇంజను గాలిని ఎంత బలంగా లాగుతుందో చూపే మీటరు తగిలిస్తే, ముల్లు కిందనే నిలబడింది. కొడుకులు అమ్మేద్దామన్నారు.

"కోతపండక్కి వడ్ల మూటలేసుకుని చర్చికి పోవాల. పోలేదంటే మీ ఇష్టం, అమ్ముకోండి" అన్నారాయన. అన్నారే గానీ, ఆ రోజు నుంచీ అన్నం సరిగా తినలేదు.

వాల్వులు సరిచూశారు. టైమింగు మళ్లీ పెట్టారు. అతుకుల దగ్గర నూనెచుక్కలు వేసి, ఎక్కడైనా లోపలికి లాగుతోందేమో చూశారు. ఏమీ లేదు. "దొరకలేదంటే తప్పు లేదని కాదమ్మా, మనం చూడని చోట ఉండాదని" అనేవారు. నా చారు గురించీ అదే మాట.

చివరికి ఇంజను ఆడుతుండగా ఒక్కో రబ్బరు పైపునూ వేళ్లతో నొక్కి చూశారు. వైపరు పైపు నొక్కగానే ముల్లు పైకి లేచింది. ఆ కాలపు లారీలో వైపరు ఆడేది ఇంజను లాగే గాలితోనే. అన్నీ మార్చిన మనిషి ఆ పైపు ఒక్కటే మార్చలేదు. ఎప్పుడో వానలో అది పగిలితే, అత్తయ్య చీరకొంగు చించి కట్టిన పీలిక ఇంకా దాని మీద ఉంది. గాలి అక్కడే లోపలికి పోతోంది.

ఆ కట్టు విప్పడానికి ఆయనకు చేతులాడలేదు. అత్తయ్యే వచ్చి విప్పింది.

"ఏమయ్యా, నేనీడ ఉండంగా నీకా పీలికెందుకు? కొత్త పైపెయ్యి."

కోతపండక్కి లారీ చర్చికి వెళ్లింది. మండుటెండలో వైపరు వేసుకుని వెళ్లారు మామగారు. పక్క సీట్లో అత్తయ్య సిగ్గుతో చచ్చిపోయింది. ఊరంతా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ పీలికను ఆయన పారెయ్యలేదు, స్టీరింగుకు కట్టుకున్నారు.

నిన్న అత్తయ్య తనంతట తానే లారీ ఎక్కి కూర్చుంది. "అమ్మాయ్, ఒకసారి స్టార్టు చెయ్యి. వైపరు కూడా వెయ్యి" అంది. వేశాను. వాన లేదు. పొడి అద్దం మీద వైపరు అటూ ఇటూ ఆడుతోంది. అత్తయ్య చెయ్యి చాచి స్టీరింగుకున్న పీలికను పట్టుకుంది, ఇక వదల్లేదు.