‘సరే సార్’ అనొద్దన్న సార్

సోమవారం పొద్దున్న మెట్రోలో పంజాగుట్ట దాటుతుండగా టైలరమ్మ ఫోన్ చేసింది. “మేడం, సార్ పోయిండు” అంది. ఏ సారు అని అడిగాను. పేరు లేకుండా ఒట్టి ‘సార్’ అని నేను పిలిచే మనిషి ఒక్కరేనని తెలిసి కూడా అడిగాను. “మన సారే మేడం. రాత్రి పండుకున్నోడు పండుకున్నట్టే...” అని ఆగిపోయింది. నేను అమీర్‌పేటలో దిగేశాను. కాలేజీకి వెళ్ళాల్సినదాన్ని, ఎటు వెళ్ళాలో తోచక స్టేషన్ మెట్ల మీద నిలబడి మైత్రీవనం వైపు చూస్తూ ఉండిపోయాను. ఒకదాని మీద ఒకటి వేలాడే అన్ని కోచింగ్ బోర్డుల్లో ఆయన పేరు ఎక్కడా లేదు. ఎప్పుడూ లేదు కూడా.

ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేవారు. మైత్రీవనం వెనక సందులో, లిఫ్టు లేని బిల్డింగులో, మూడో అంతస్తులో ఒక గది. ఎమ్మెస్సీ అయ్యాక అందరిలాగే నేనూ అక్కడ చేరాను. నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాలేదు, లెక్చరర్నయ్యాను. అయినా ఆయన క్లాసు నన్ను వదల్లేదు. “ఇది పని చేస్తుందా అని చూడకమ్మా. పని చెయ్యకపోతే ఎవరి పీకల మీదకొస్తుందో అది చూడు” అనేవారు. అసలే అనుమానాల మనిషిని. అనుమానించడం కూడా ఒక విద్యేనని చెప్పినవాళ్ళు నాకు ఆయనొక్కరే.

తర్వాత క్లాసులన్నీ ఆన్‌లైన్‌కి పోయాయి. ఆదివారాలు ఆ గది ఖాళీగా ఉండేది. ఆ రోజుల్లోనే బిల్డింగ్ వాచ్‌మన్ భార్యకి కడుపులో గడ్డ అని తేలింది. రేషన్ కార్డులో పేరుంటే ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ ఉచితం. ఆమెకి కార్డుంది, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచుకుంది. తీరా ఆసుపత్రికి వెళ్తే కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు. వెనక్కి పంపారు. అదంతా సరిచేయించి ఆపరేషన్ అయ్యేసరికి ఆ మనిషి సగమైంది. సార్ ఆ సంగతి చెబుతూ, “కార్డు ఇచ్చారు, బాగుంది. టెస్ట్ ఎవరు చేశారూ?” అన్నారు, క్లాసులో అడిగినట్టే.

అలా మొదలైంది ఆదివారాల పని. కార్డు లేనివాళ్ళకి దరఖాస్తు పెట్టించడం సగమే. మిగతా సగం, కార్డు ఉన్నవాళ్ళకి జబ్బు రాకముందే దాన్ని పరీక్ష చేయడం. అమీర్‌పేటలో మాక్ ఇంటర్వ్యూలు మామూలే కదా, సార్ మాక్ అడ్మిషన్లు పెట్టారు. పాత ఇన్‌స్టిట్యూట్ ఐడీ కార్డు మెళ్ళో వేసుకుని, ఆసుపత్రి డెస్కులో మనిషిలా కుర్చీలో కూర్చునేవారు. ఎదురుగా వచ్చినవాళ్ళు. సార్ తల ఎత్తేవారు కాదు. ఫోన్ చూసుకుంటూనే “పేరు? ఇంటిపేరు? ఈ ఫొటోలో ఉన్నది నువ్వేనా?” అని గద్దించేవారు. ఉన్నట్టుండి “సర్వర్ డౌన్. రేపు రండి” అనేవారు.

వచ్చినవాళ్ళు నూటికి తొంభైమంది “సరే సార్” అని లేచేవారు.

“ఎందుకు లేచారండీ?” సార్ అప్పుడు తల ఎత్తేవారు. “సరే సార్ అనకండి. సర్వర్ ఎన్నింటికొస్తుందో అడగండి. రాకపోతే ఎవరు చూస్తారో అడగండి. ఆ మాట చెప్పేదాకా కుర్చీ వదలొద్దు. కూర్చోండి, మళ్ళీ మొదట్నించీ.”

నాకది నచ్చేది కాదు, దాచుకోవడం ఎందుకు. అసలే బెదిరిపోయి వచ్చినవాళ్ళని ఇంకా బెదిరించడం ఏం సాయం? ఒకసారి ఒక పెద్దావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ సాయంత్రం సార్‌ని అడిగేశాను. ఆయన తాపీగా గ్లాసులో టీ పోసుకుంటూ, “ఇక్కడ ఏడిస్తే నేను టీ ఇప్పిస్తాను. అక్కడ ఏడిస్తే ఎవరిప్పిస్తారమ్మా?” అన్నారు. మాట నిజమే. అనుమానం మాత్రం అలాగే ఉంది.

టైలరమ్మ వచ్చింది ఒక ఎండాకాలం ఆదివారం. ఆ గది ఉన్న సందు మొదట్లో జాకెట్లు కుట్టే షాపు ఆమెది. నేత కుటుంబం, ఊళ్ళో మగ్గాలు ఆగిపోయాక సిటీకొచ్చి మిషన్ పెట్టుకున్నారు. వెంట కోడల్ని తెచ్చింది. ఆ అమ్మాయి మూడంతస్తులు ఎక్కడానికి ప్రతి మలుపు దగ్గరా గోడకి ఆనుకుని ఆగింది. నేను వెనకే ఉన్నాను. ఆమె ఊపిరి చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. చిన్నప్పటి జ్వరాల వల్ల గుండెలో వాల్వు సన్నబడిందట. వచ్చే వారం ఆపరేషన్ పెట్టుకుందాం, కార్డు చూసుకోండి అన్నాడట డాక్టరు.

సార్ ఐడీ కార్డు వేసుకుని కూర్చున్నారు.

“ఈ అమ్మాయి మీకేమవుతుంది?”

“కోడలు సార్.”

“మీ కార్డులో లేదే.”

“ఎక్కిస్తున్నం సార్. అప్లై చేసినం.”

“ఇదివరకు ఏ కార్డులో ఉంది?”

“ఆళ్ళమ్మ కార్డుల. ఎర్రగడ్డ.” టైలరమ్మ కాస్త నిటారుగా కూర్చుంది. “గండ్లకెళ్ళి తీసెయ్యమని పోయిన వారమే మీసేవల పెట్టిచ్చిన. పెండ్లయి రెండేండ్లాయె, ఇంకా పుట్టింటి కార్డుల ఎందుకుండాలె? మా కోడలు మా కార్డులనే ఉండాలె కద.”

సార్ ఐడీ కార్డు మెళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టారు. మాక్ మధ్యలో ఆయన అలా చేయడం అంతకుముందు నేను చూడలేదు.

“టైలర్ గారూ, అక్కడ తీసేసి ఇక్కడ ఎక్కించేలోపు ఈ అమ్మాయి ఎక్కడుంటుంది?”

“ఏడుంటది సార్, మా ఇంట్లనే ఉంటది.”

గదిలో ఎవరో నవ్వారు. సార్ నవ్వలేదు. “ఇంట్లో కాదండీ. కంప్యూటర్లో.”

అర్థమైంది కోడలికే ముందు. “అంటే నేను ఏడా ఉండనా సార్?” అంది. గొంతులో ఊపిరి సరిపోక ఆ మాట రెండు ముక్కలైంది.

ఒక కార్డులో తీసేస్తేగానీ ఇంకో దాంట్లో ఎక్కదు. ఎక్కడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఈ నడుమ ఆమె ఏ ఇంటి మనిషీ కాదు. గుండె అన్నాళ్ళు ఆగదు. సార్ చెప్పింది ఒకటే. తీసేయమన్న దరఖాస్తు ఆమోదం కాకముందే వెనక్కి తీసుకోవాలి. పుట్టింటి కార్డు మీదే ఆపరేషన్ చేయించాలి.

టైలరమ్మ మొహం ఎర్రబడింది. “గదేం మాట సార్? రోగమొచ్చిందని కోడల్ని పుట్టింటి మీదికి తోలిండ్రు అనరా మా వాడకట్టోళ్ళు? మా వియ్యపురాలు ఏమనుకుంటది?”

“ఏమైనా అనుకోనివ్వండి. అనుకోవడానికి అమ్మాయి ఉండాలిగా.”

అంత కటువుగా అనాలా అనిపించింది నాకు. టైలరమ్మ లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. కోడలి వైపు చూసి మళ్ళీ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే రేషన్ కార్డులు చూసే సర్కిల్ ఆఫీసుకి వెళ్ళాం. కోడలి తల్లికి ఎర్రగడ్డ రైతు బజారు బయట కూరగాయల బండి ఉంది. బేరం వదిలి రాలేక, సంతకం పెట్టిన కాగితమూ కార్డూ పంపింది. టైలరమ్మ కోడల్ని తీసుకుని షాపులోంచి ఉన్నపళంగా వచ్చినట్టుంది, మెళ్ళో టేపు అలాగే వేలాడుతోంది. సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. ఆయనుండగా నాకు ధైర్యంగానే ఉంది. కిటికీ దగ్గర ఉద్యోగి అచ్చం సార్ నటించినట్టే ఉన్నాడు. తల ఎత్తలేదు.

“ఏం కావాలె?”

సార్ ముందుకు వంగారు. “అదండీ... ఒక పేరు... తొలగింపు...” అన్నారు. మెడ వెనక చొక్కా తడిసిపోయింది. నేను ఆయన వైపు చూడలేకపోయాను.

“గా పని చూసే సారు ఇయ్యాల లీవు. రేపు రాండ్రి.”

“సరే సార్” అన్నారు సార్. అని, పక్కకి తప్పుకున్నారు.

వెనక వరసలో మనిషి అప్పుడే కిటికీ వైపు జరుగుతున్నాడు. టైలరమ్మ భుజం అడ్డం పెట్టింది. “ఎవరడిగిండ్రు సార్ మిమ్మల్ని సరే అనమని?” అని ఆయన మీద గుస్సా అయి, కిటికీకి ఎదురుగా నిలబడింది. “రేపంటే ఎన్ని గంటలకు సార్? గా సారు లేకపోతే ఇంకెవలు చూస్తరు? గా ముచ్చట చెప్పేదాక నేనీడికెళ్ళి కదల.”

ఉద్యోగి విసుక్కుంటూనే తన కంప్యూటర్లో దరఖాస్తు నంబరు కొట్టాడు. తెర మీద చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. అప్పటికే ఆమోదం అయిపోయిందేమో అని నా భయం. ఆ చక్రం ఆగితే ఏం కనబడుతుందో అని కళ్ళు తిప్పుకుని, బెంచీ మీద కూర్చున్న కోడల్ని చూశాను. ఆమె మమ్మల్నే చూస్తోంది.

“పిల్ల నీకేమైతది?”

“కోడలు.”

“కోడలైతే నీ కార్డులకే రావాలె. మల్ల తీసుడు ఆపుమంటున్నవేంది?”

టైలరమ్మ టేపు కొసని వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

“ఆమె మా ఇంటి మనిషి కాదు సార్” అంది. కాస్త ఆగి, “ఆపరేషనయ్యేదాక కాదు. ఆళ్ళమ్మ ఇంటి మనిషే. గట్లనే ఉండనియ్యుండ్రి” అంది.

ఉద్యోగి అప్పుడు తల ఎత్తాడు. ఆమెని చూశాడు, బెంచీ మీద అమ్మాయిని చూశాడు. అతను చెడ్డవాడేం కాదు. “ఇంక అప్రూవల్ కాలె. కాగితం ఇటియ్యి, ఆపుత” అన్నాడు.

బయటికి వచ్చాక కోడలు అడిగింది. “నిజంగనే కానా అత్తమ్మా?”

“నోర్ముయ్యి. ఆటో ఎక్కు” అంది టైలరమ్మ.

వాళ్ళు వెళ్ళాక సార్ ప్రహరీ గోడ మీద కూలబడ్డారు. నేను దగ్గరికి వెళ్ళాను. ఆయనే అన్నారు, “నేను ఫెయిలయ్యానమ్మా. నాకు కౌంటర్ల దగ్గర నోరు రాదు. ఎప్పుడూ రాలేదు. మా ఆవిడకి జబ్బు చేసినప్పుడు కూడా రేపు రమ్మంటే సరే సార్ అని వచ్చేశాను.” ఆ తర్వాత ఏమైందో చెప్పలేదు. ఆయనకి భార్య లేదన్నది నాకు తెలిసిందే. ఆ రోజు ఆయన సరే అనకపోతే ఆమె బతికేదా? నాకు తెలీదు. ఆయనకీ తెలిసినట్టు లేదు. తనకి రాని విద్యని ఆదివారం ఆదివారం అందరికీ నేర్పిన మనిషి పక్కన కూర్చున్నాను. మాక్ గురించి నా అనుమానం ఏమైందో ఆ గోడ మీద వెతికితే దొరకలేదు.

ఆసుపత్రి సోమాజిగూడ వైపు. చేర్చుకునే రోజు సార్ లోపలికి రాలేదు, రోడ్డవతల టీ బండి దగ్గరే నిలబడ్డారు. డెస్కులో అమ్మాయి కార్డు నంబరు కొట్టింది. తల్లి పేరు కింద కోడలి పేరు వచ్చింది. అంతే. ఏ గొడవా జరగలేదు. బయటికొచ్చి చెబితే సార్ చేతిలో టీ చల్లారిపోయి ఉంది. మేమంత హడావిడి పడకపోయినా అంతా సజావుగా జరిగేదేమోనని ఇప్పటికీ అనుకుంటుంటాను. ఒకసారి ఆ మాటే అంటే సార్ మురిసిపోయారు. “అదేనమ్మా టెస్టరు బతుకు. జరగని తప్పుకి మనకెవరు దండ వేస్తారు?”

ఆపరేషన్ అయి, అన్నీ కుదుటపడ్డాక తీరిగ్గా కార్డు మార్పించుకున్నారు. టైలరమ్మ ఆదివారాలు మానలేదు. సార్ ఎదురుగా, వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని, లేవబోయేవాళ్ళ భుజం పట్టుకుని “కూకో, గప్పుడే సరే అనకు” అని కూర్చోబెట్టేది.

సార్‌ని మంగళవారం సమాధుల తోటకి తీసుకెళ్ళాం. ఒంగోలు నుంచి సార్ తమ్ముడు ఇంకా దారిలోనే ఉన్నారు. గేటు దగ్గర చూసుకునే ఆయన, “బంధువులెవరైనా ఒకళ్ళు ముందుకు రండి. మీరేమవుతారు?” అని అడిగాడు. నేను స్టూడెంట్‌నని చెబుదామా, అది సరిపోతుందా అని తటపటాయిస్తున్నాను. టైలరమ్మ నన్ను తప్పించుకుని ముందుకెళ్ళింది.

“మా ఇంటి మనిషి” అంది.

గేటు దగ్గరాయన ఇంకేమీ అడగలేదు.

అక్కణ్ణుంచి గది తాళం తీయడానికి అమీర్‌పేట వచ్చాం. ఆదివారం వచ్చేవాళ్ళకి సంగతి తెలియాలి, తలుపు మీద ఒక మాట రాసి అంటించాలి. ఏం రాయాలో నాకింకా తోచలేదు. మెట్ల దగ్గర టైలరమ్మ మోకాళ్ళు పట్టుకుని ఆగింది, ఆమెతో నేనూ ఆగాను. తాళంచెవి కోడలి చేతిలో ఉంది. ఆమె ముందు వెళ్తోంది. మొదటి మలుపు తిరిగింది. రెండోది తిరిగింది. ఇక కనబడలేదు. చెప్పుల చప్పుడు మాత్రం పైపైకి వెళ్తూ వినబడింది, ఎక్కడా ఆగకుండా. తర్వాత తాళం తీసిన చప్పుడు.