పేరుకు బదులు గీత

మా చెల్లెలికి యూనివర్సిటీ ఆఫీసులో అందరూ పెట్టిన పేరు చుక్కలమ్మ. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు రాసుకొచ్చిన వ్యాసాల్లో చుక్క ఎక్కడ, కామా ఎక్కడ అని ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పింది గనక. అంత చదివినవాళ్ళకు ఆ మాత్రం తెలియదా అంటే, తెలియదు. తెలిస్తే దీన్ని జీతమిచ్చి ఎందుకు పెట్టుకుంటారు?

పరిశోధన వ్యాసం చివర ఒక పట్టిక ఉంటుంది. ఎవరెవరు రాసినవి చూసి ఆ వ్యాసం రాశారో వాళ్ళ పేరు, ఏడాది, పత్రిక, పేజీ అన్నీ అక్షరాల వరుసలో అందులో ఉండాలి. ఒక పత్రిక ఏడాదిని ముందు పెట్టమంటుంది, ఇంకోటి చివర పెట్టమంటుంది. అత్తకో పద్ధతి, కోడలికో పద్ధతి. తేడా వస్తే వ్యాసం పోయినదారినే తిరిగొస్తుంది. ఆ పట్టిక సరిచేయడమే చెల్లెలి పని. “ఎవరి దగ్గర తీసుకున్నామో చెప్పకపోతే దొంగతనమంటారక్కా. తప్పుగా చెబితే ఏమనాలో ఇంకా పేరు పెట్టలేదు” అనేది.

నేను మూడో తరగతితో సరి. ఇంగ్లీషు అక్షరాలను విడివిడిగా చాలామటుకు గుర్తుపడతాను, కలిపి చదవలేను. ఆ నేనే చివరికి దాని కళ్ళయ్యాను.

రిటైరవడానికి మూడేళ్ళుందనగా దాని చూపు నడిమధ్యన పోసాగింది. తలుపు కనిపించేది, గొళ్ళెం కనిపించేది కాదు. నయంకాదని డాక్టరు తేల్చేశాడు. ఈ సంగతి బయటపడితే ఉద్యోగం ఆ రోజుతో సరి. కళ్ళు లేని టైపిస్టును ఎవరుంచుకుంటారు? అందుకని వ్యాసాలు ఇంటికి తెచ్చేది. ఒక్కో పుస్తకానికి ఒక్కో చీటీ రాసి, వాటిని మంచం నిండా వరసగా పరిచేదాన్ని. నేను ఒక్కో అక్షరం పలుకుతుంటే అది ఆఫీసు నుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లో కొట్టేది. వేళ్ళకు కళ్ళతో పనిలేదు.

“ఇదేదో పొట్ట ముందుకొచ్చిన అక్షరమే.”

“పొట్ట ఒకటా రెండా?”

“రెండు. వీడెవడో బాగా తిన్నట్టున్నాడు.”

“వ్యాఖ్యానాలు వద్దక్కా. నోరు మూసుకుని చదువు.”

“నోరు మూసుకుని ఎలా చదవనే?”

అలా ఏడాదిన్నర నెట్టుకొచ్చాం. ఒక్క పొల్లు పోలేదు.

ఆ పట్టికల్లో ఒక పద్ధతుంది. ఒకే మనిషి రాసినవి రెండు మూడు ఉంటే, మొదటిదానికే పేరు రాస్తారు. కింది వాటికి పేరుకు బదులు పొడుగాటి గీత గీస్తారు. పైవాళ్ళదే అని దాని అర్థం. “గీత ఆఖర్న గీయాలక్కా. ముందే గీస్తే దానికి కాళ్ళొస్తాయి” అని చెల్లెలు ఎప్పుడూ చెప్పేది. ఒక్కసారి మాత్రం నేనే తొందరపడి చీటీల మీద ముందే గీసేశాను.

అది వాళ్ళ ప్రొఫెసరు వ్యాసం. రాళ్ళు కొట్టేవాళ్ళ ఊపిరితిత్తుల గురించి. ఆయన దగ్గర చదివిన ఒక పిల్ల నాలుగేళ్ళు ఆ క్వారీల వెంట తిరిగి మూడు వ్యాసాలు రాసి, జబ్బుచేసి పోయింది. తల్లికి మిగిలింది ఆ మూడే. పట్టికలో ఆ పిల్ల పేరు ఒకసారి, దాని కింద రెండు గీతలు.

సోమవారం పొద్దున చెల్లెలు చెప్పులేసుకుంటుండగా ప్రొఫెసరు ఫోను చేసి, తన కొత్త వ్యాసం కూడా పట్టికలో చేర్చమన్నాడు. చెల్లెలు చెప్పింది, నేను చీటీ రాశాను. ఆయనదీ ఆ పిల్లదీ ఒకటే మొదటి అక్షరం.

“ఎక్కడ పెట్టావక్కా?”

“ఆ పిల్ల తర్వాతే.”

“సరే, చదువు.”

వరస మళ్ళీ వినే తీరిక లేక, ఆ ఒక్కటే నేను చూపించిన చోట కొట్టేసి వెళ్ళిపోయింది. నేనేమో పిల్ల పేరు తర్వాత ప్రొఫెసర్ని పెట్టి, రెండు గీతలను ఆయన కిందికి నెట్టాను. అంతటి మనిషిని పేరు కూడా లేని గీతల కింద కూర్చోబెట్టడమేమిటి అనుకున్నాను. నా మర్యాద మండిపోను.

వ్యాసం అచ్చయిన నెలకు ఆ పిల్ల తల్లి ఆఫీసుకు వచ్చింది. బట్టలు కుట్టుకుని బతికే మనిషి. కూతురి స్నేహితురాలు చెబితే విని వచ్చింది.

“మూడన్నారు, ఒకటే ఉందంటున్నారు. మిగతా రెండూ ఎవరికిచ్చేశారమ్మా?”

చెల్లెలు పత్రిక అందుకుంది. ఆమెకు చదవడం రాదు, దీనికి కనిపించదు. ఇద్దరూ ఆ పేజీ ముందు అలా కూర్చున్నారట.

ఇంటికి తెచ్చి నాచేత చదివించింది. పిల్ల పేరు, ప్రొఫెసరు పేరు, గీత, గీత. రెండో గీత దగ్గరికొచ్చేసరికి నేను చేసిందేమిటో తెలిసింది. దాచలేదు, నా ఘనకార్యమంతా చెప్పాను. అది తిట్టలేదు. తిడితే బాగుండేది.

“అచ్చుకు ముందు సరిచూసే కాగితాలు ఆయనకు వెళ్ళాయే. ఆయన చూడలేదా?” అన్నాను.

మర్నాడు ఫైలు తెచ్చింది. ఆ పేజీలో ప్రొఫెసరు పేరులో నేనొక అక్షరం వదిలేస్తే, ఆయన ఎర్ర సిరాతో దాన్ని దిద్దుకుని పక్కన సంతకం పెట్టాడు. ఆ దిద్దుబాటుకు వేలెడు కింద రెండు గీతలూ ఉన్నాయి.

చెల్లెలు వెళ్ళి ఆయన్ని అడిగింది. “రెండు గీతలకు ఇంత రాద్ధాంతమెందుకమ్మా? వచ్చే వ్యాసంలో చూద్దాం లే” అన్నాడట. ఊరుకుంటే ఉద్యోగం నిలుస్తుంది, ఆ రెండు వ్యాసాలూ ఆయనవైపోతాయి. సవరణ అచ్చు వేయాలంటే, పట్టిక తయారుచేసిన మనిషే తప్పెలా జరిగిందో రాసివ్వాలని పత్రికవాళ్ళు అన్నారు.

“నేను చేశానని రాయవే. నన్నేం పీకుతారు?”

“నువ్వు ఆఫీసు మనిషివి కాదక్కా. నువ్వెందుకు చేశావని అడుగుతారు కదా.”

“అయితే ఆ ఎర్ర సిరా చూపించు.”

“చూపిస్తే ఏళ్ళ తరబడి ఆయనతో తగువు. ఈలోగా పిల్ల పేరు గీత కిందే ఉంటుంది.”

రెండు వాక్యాలే కొట్టింది. ‘పట్టిక నేను తయారుచేశాను. నాకు కళ్ళు కనిపించవు.’ ఒక్క తప్పు లేకుండా కొట్టి, సంతకం ఎక్కడ పెట్టాలో నన్ను వేలు పెట్టి చూపించమంది.

వారం తిరక్కుండా పంపించేశారు. ముప్పై ఒక్క ఏళ్ళ మనిషి ఒక సంచితో ఇంటికొచ్చింది. ప్రొఫెసరు మాత్రం ఆయన గదిలో ఆయన ఉన్నాడు.

నాలుగు నెలలకు సవరణ వచ్చింది. పత్రిక చిట్టచివర, చీమల బారులాంటి మూడు వరసలు. ఆ పిల్ల తల్లికి ముందు నేనే తీసుకెళ్ళి చూపించాను. పేరు ఎక్కడెక్కడ ఉందో అడిగి, రెండు చోట్లా వేలితో తడిమి, కుట్టుమిషను సొరుగులో పెట్టుకుంది.

ఇంకో ప్రతి ఇంటికి తెచ్చాను. చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అప్పటికి తలుపు కూడా కనిపించడం మానేసింది.

“చదువక్కా.”

అక్షరం అక్షరం చదివాను. రెండుచోట్లా పిల్ల పేరు పూర్తిగా ఉంది.

“చివర చుక్క పెట్టారా?”

చూశాను. లేదు.

“పెట్టారే” అన్నాను.