కొట్టివేతల మాస్టారు

ఏ జాబితా చేతికిచ్చినా అందులో ఒక పేరు కొట్టేయందే మా మాస్టారికి ఊపిరాడదు. భార్య సరుకుల చీటీ రాసిస్తే సబ్బు కొట్టేసి బజారుకు వెళ్లేవారు. అది తినేవాటి గుంపులోది కాదట. పాపం, ఆవిడ రెండు చీటీలు రాయడం నేర్చుకుంది.

ఆయనది వేధశాలలో నక్షత్రాల పని, నాది అక్కడే ఎలక్ట్రీషియన్ పని. ఫ్యాను బాగుచేసే వంకతో ఆయన గదిలో చేరి వినేవాణ్ణి. ఆ ఫ్యాను ఇరవై ఏళ్లుగా బాగుపడలేదు.

"ఒకే మబ్బులో ఒక్కసారే పుట్టిన తోబుట్టువులయ్యా ఇవి," అనేవారు నక్షత్రగుచ్ఛం ఫొటో మీద వేలుపెట్టి. అవి పుట్టిన మబ్బులో ఇనుము ఎంత ఉండేదో వాటి ఒంట్లోనూ అంతే ఉంటుందట. చనిపోయే నక్షత్రాలు వదిలిన ఇనుము తర్వాత పుట్టేవాటికి చేరుతుంది. అందుకే ముసలి గుచ్ఛాల నుంచి పసివాటి దాకా కొలుచుకుంటూ వస్తే పాలపుంత ఎలా పెరిగిందో తెలుస్తుంది. వింటూంటే, నా స్క్రూడ్రైవరు ఏ చుక్క పోతూ పోతూ వదిలిందో అనిపించి, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయేవాణ్ణి.

చిక్కల్లా ఒక్కటే. దారినపోయే చుక్కేదో మధ్యలో నిలబడి, తనూ ఆ ఇంటి పిల్లే అన్నట్టు మెరుస్తుంది. దాని ఇనుము కలిసిందా, లెక్కంతా తారుమారు. మాస్టారు ఒక్కోదాని వేగం చూసి, గుంపుతో కలిసి నడవనిదాన్ని కొట్టేసేవారు.

ఒకరోజు తన బృందం జాబితాలోంచి పరిశోధకురాలి పేరే కొట్టేశారు. మూడేళ్లుగా ఆయన దగ్గరే ఉన్న అమ్మాయి. బృందంలో లేకపోతే వచ్చే నెల నుంచి జీతం లేదు. చెప్పులు విప్పేసి మెట్ల మీద కూలబడింది. నాకు ఒళ్లు మండి నేరుగా లోపలికి వెళ్లాను.

"అది బతుకండీ, చుక్క కాదు," అన్నాను.

ఆయన లావుపాటి నోటుబుక్కు తెరిచారు. ఇన్నేళ్లూ కొట్టేసిన నక్షత్రాలన్నీ అందులో ఉన్నాయి. ఒక్కోదాని పక్కన దాని వేగం, ఏ గుంపు నుంచి తప్పిపోయి ఉంటుందో ఒక ఊహ.

"కొట్టేసి చేతులు దులుపుకుంటాననుకున్నావా? ఎవరింటి పిల్లో కనుక్కోవద్దూ?"

చివరి పేజీలో ఆ అమ్మాయి పేరు. లెక్కల ముందు కునికే మనిషి, దుర్భిణి అద్దాలు అరగదీసే షెడ్డులో మాత్రం తిండి మరిచిపోయేది. షెడ్డు మేస్త్రీని నాలుగు నెలలు బతిమాలి అక్కడ ఆమెకు ఉద్యోగం ఒప్పించారట. ఇక్కడ పేరు కొడితేగానీ అక్కడ ఎక్కించేది లేదన్నారట ఆఫీసువాళ్లు. ఉత్తర్వు అప్పుడే వచ్చింది.

దాన్ని తీసుకెళ్లి ఆ అమ్మాయికిచ్చాను. రెండుసార్లు చదువుకుని, చెప్పులు మెట్ల మీదే వదిలేసి షెడ్డు వైపు పరుగెత్తింది.

తిరిగొచ్చి తలవంచుకు నిలబడ్డాను.

"నీ పేరు కూడా ఈ నోటుబుక్కులో ఎక్కిద్దామని ఎన్నాళ్లుగానో చూస్తున్నానయ్యా," అన్నారు మాస్టారు. "ఈ గదిలో నీకేం పని? కానీ ఎన్నిసార్లు కొలిచినా నీ వేగమూ నా వేగమూ ఒకటే వస్తున్నాయి. ఏం చెయ్యమంటావు?"