రంపం మిషన్‌కు గైడ్ కొన్న రోజు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు చిన్నప్పటినుంచి నమ్మకం లేదు. మా అత్తమ్మ గడపకు నిమ్మకాయలు కడ్తుంటే లోపల్లోపల నవ్వుకునేదాన్ని. ఇప్పుడు సుత నమ్ముతున్న అని చెప్తలేను. జరిగింది జరిగినట్టు చెప్తున్న, అంతే.

లాల్‌దర్వాజ కాడ మాది ఫొటో ఫ్రేములు చేసే కార్ఖానా. మా ఆయన నడిపేటోడు. పోయిన ఎండకాలం, పొద్దుగాల చాయ్ తాగుకుంటనే గుండెపోటొచ్చి పోయిండు. నాకు ఏడుపు రాలే. అందరు ఏడుస్తుంటే నేను వచ్చినోళ్లకు నీళ్లిచ్చుకుంట తిరిగిన. తర్వాత గూడ రాలే. తింటున్న, పంటున్న, పని చేస్తున్న. ఏదీ నాకు తాకుతలేదు.

ఇప్పుడు మా మరిది రమేశ్ మిషన్ మీద కట్టె కోస్తడు, నేను ఫ్రేములు జోడిస్త. రంపం పక్కన కట్టెను ఆనించి తోసే ఇనుప పట్టీ ఒకటుంటది. కొందరు ఫెన్స్ అంటరు, మేం గైడ్ అంటం. మాది అరిగి, నిలుస్తలేదు. గైడ్ వంకరుంటే కట్టె రంపంల ఇరికి ఎన్కకు ఎగిరొస్తది. ఒకసారి రమేశ్ కడుపుల తగిలి, చాలా సేపు లేవలేకపోయిండు. శాలిబండల పాత మిషన్ సామాన్లమ్మే జహంగీర్ చాచా కాడ ఒకటుందని తెల్సింది. రమేశ్ ఫ్రేములు ఇచ్చి రానీకి పోయిండు గనక నేనొక్కదాన్నే పోయిన.

మధ్యాహ్నం. మంచి ఎండ, రోడ్డు నిండ మంది. చాచా మర్యాదస్తుడు. స్టూల్ ఏసి కూసోమన్నడు, ఎదురు హోటల్‌కు సైగ చేసి చాయ్ చెప్పిండు. గైడ్ తెచ్చి ముందట పెట్టిండు. మెరుస్తుంది. దాని మంచి చెడ్డ నాకేం తెల్సు?

“సరే చాచా, కట్టియ్యి,” అన్న.

కట్టనీకి తాడు పట్టుకున్న చాచా అట్లనే ఆగిండు. నా భుజం మీదికెల్లి ఎన్కకు చూసిండు.

“అచ్ఛా? నిజంగనా?” అన్నడు.

నాతోని అనుకున్న. “ఏంది చాచా?” అన్న. చాచా లోపల్నుంచి ఇనుప స్కేలు తెచ్చి గైడ్‌కు ఆనించిండు. ఒక చివరన రెండిటి నడుమ వెలుతురు కనవడ్డది.

“సహీ చెప్పిండు. వంగింది. నేనే చూస్కోలే, మాఫ్ చెయ్యి బేటీ,” అని దాన్ని పక్కకు పెట్టి, లోపల్నుంచి ఇంకోటి తెచ్చిండు. దానికి స్కేలు నిండుగ ఆనింది.

గంతల చాయ్ వచ్చింది. మూడు గ్లాసులు.

“ఆ భాయ్ ఎటు పోయిండు? చాయ్ సల్లగైతది, పిలువు,” అన్నడు చాచా.

“ఏ భాయ్? నేనొక్కదాన్నే వచ్చిన.”

“నీ ఎన్కనే నిలవడ్డడు గదా. ఆయనే చెప్పిండు, ‘గది ఇయ్యకు, చివరల వంగింది’ అని.”

ఎన్నో నెలలకు నా గుండె కొట్టుకునుడు నాకు వినవడ్డది.

“పొడుగున్నడా? మీసాలున్నయా? చెవి మీద పెన్సిల్ ఉండెనా?” అని అడిగిన. నా గొంతు నాకే కొత్తగ ఉంది.

“కాదు బేటీ. పొట్టిగున్నడు. బట్టతల, కండ్లద్దాలు, నీలం చొక్కా. నీతోనే దుకాణం ఎక్కిండు.”

మా ఆయన కాదు. మా నాయిన కాదు, మామ కాదు. గసొంటి మనిషి మా చుట్టాలల్ల బతికున్నోళ్లల్ల లేడు, పోయినోళ్లల్ల లేడు.

ఇద్దరం బయటికొచ్చి గల్లీ అటూ ఇటూ చూసినం. పక్క గాజుల దుకాణం ఆమెను చాచా అడిగిండు. “ఒక్కతే వచ్చింది గదా, నేను చూస్తనే ఉన్న,” అన్నదామె. చాచా గైడ్ కట్టి ఇచ్చిండు. మూడో గ్లాసు మీద మీగడ కట్టింది, ఎవ్వరం ముట్టలే.

గైడ్ ఒళ్లె పెట్టుకొని ఆటోల ఏడ్చిన. మా ఆయన పోయినంక అదే మొదటిసారి. భయంతోని కాదు. ఆ వచ్చినోడు ఆయన కానందుకు.

ముసలాయనకు ఎండ తగిలి ఉంటదని రమేశ్ అన్నడు. తగిలిందే అనుకుందాం. మరి గైడ్ వంగిన సంగతి ఎండ చెప్పిందా?

మా ఆయనే వచ్చిండంటే నేను గూడ నమ్మేదాన్నేమో. నేనెవరో తెల్వని మనిషి, నాకెవరో తెల్వని మనిషి, మా ఇంటోళ్లకు దెబ్బ తగలొద్దని నా ఎన్క ఎందుకొచ్చి నిలవడ్డడో, ఇప్పటికీ నాకు అంతు చిక్కలే.