భుజం మీది ముడి

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, చాప మీద చోటుంది. మా కిష్టారంలో నేను కళ్లారా చూసిన సంగతి చెబుతాను.

ఇప్పపూలు రాలే రోజులు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. అప్పుడే నా కూతురు సైకిలు మీది నుంచి పడి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకుంది. మోచేతి మీదుగా పిండికట్టు వేశారు. రాసే చెయ్యి బాగానే ఉంది, తను చదివే హాస్టలుకు తిరిగి వెళ్లి పరీక్ష రాస్తుందిలే అనుకున్నాం. పిల్ల మొండికేసింది.

"నేను పోనమ్మా. చెయ్యి పైకి లేవదు. అక్కడ కమీజు ఎవరు తొడుగుతరు? అందరి ముందట చంటిపిల్ల లెక్క నిలబడాల్నా?"

ఇంట్లో అయితే నేను తొడుగుతున్నాను. పరీక్ష పోతే ఏడాది పోయినట్టే. నాకేమీ తోచలేదు.

అడవి నుంచి వచ్చి పూల గంప దించిన మా అత్త ఆ మాట విన్నది. ఆమె కుట్టిన బట్ట ఎన్నడూ తొడుక్కోలేదు. చీర చెంగు కొసలను భుజం మీద ముడివేసి కట్టుకునే మనిషి.

"ఏందే, దీనికే ఏడుపా? కోడలా, ఆ కమీజు భుజం కాడ ఇప్పు."

"యూనిఫారం అత్తా! మేడం తిడుతది."

"తిడితే నా కాడికి తోలు."

బ్లేడుతో ఎడమ భుజం కుట్టు విప్పాను. కమీజు చేతిని పైవైపున చివరిదాకా నిలువుగా కత్తిరించి, అంచులు మడిచి కుట్టాను. చున్నీ అంచు చించి భుజం దగ్గర ముందొక పట్టీ, వెనకొక పట్టీ పెట్టాను. పిల్ల కమీజు తల మీదుగా వేసుకుని, కట్టున్న చేతిని మెల్లగా లోపలికి జార్చింది. ముడి మాత్రం ఒంటిచేత్తో పడలేదు. జారిపోతోంది.

"అమ్మ ముడేస్తే మళ్లా అదే కదా నాయనమ్మా!"

"మీ నాయన చంకల ఉండంగ నేనెట్ల కట్టుకున్న అనుకుంటున్నవ్? చూడు."

అత్త తన భుజం ముడి విప్పింది. ఒక కొస పళ్ల మధ్య పట్టింది. రెండో కొసను బొటనవేలితో ఒక తిప్పు తిప్పి, దూర్చి, లాగింది. ముడి బిగుసుకుంది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి రోజూ చూస్తున్న ముడే అది. అది వేయడానికి ఒక్క చెయ్యే చాలని ఆ పూటే తెలిసింది.

పిల్ల పట్టీ పళ్లతో పట్టింది. జారింది. మళ్లీ పట్టింది. సాయం చేయబోతే, "ముట్టకమ్మా!" అని కసిరింది. తిప్పింది, దూర్చింది, లాగింది. భుజం మీద ముడి నిలిచింది!

అద్దం కూడా చూసుకోలేదు. "నా పుస్తకాల సంచి యాడ పెట్టినవ్?" అన్నది.

మీ ఇంట ఏ బిడ్డ దారీ గడప దగ్గర ఆగిపోకుండా ఉండాలి. మీ పెద్దల చేతులు పది కాలాలు చల్లగా ఆడుతుండాలి.